ఉచిత సాఫ్ట్‌వేరూ, కాలం చెల్లిన మన సభ్యులూ



మొన్నటి సర్వసభ్య సమావేశంలో చాలామంది అడిగిన ప్రశ్న ఒకటే. "ఫ్రీగా వచ్చిన సాఫ్ట్‌వేరే కదా, దానికోసం కార్యవర్గం మూడు నెలలు ఎందుకు తల బద్దలు కొట్టుకుంది?" అప్పటికే వడ్డనకు వేళయిపోయింది, రెండు ముక్కల్లో చెప్పి ఊరుకున్నాం. ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నాం. పోస్టు పొడుగే, ఓపిక చేసుకోండి. బళ్లారి, హోసూరు, షోలాపూరు సంఘాల మిత్రులు కూడా చదివితే మంచిది. ఇలాంటి యాప్ మీ దగ్గరా ఏదో ఒకటి ఉండే ఉంటుంది.

కొత్త సభ్యుల కోసం ముందు సంగతి చెబుతాం. మన సభ్యుల జాబితా 2019 దాకా రిజిస్టర్లలో ఉండేది. ఎర్ర అట్ట, పొడుగు పుస్తకం, ఎడమ పక్క ఇంటి పెద్ద పేరు, కుడి పక్క చందా కట్టిన తేదీ, రసీదు నంబరు. అప్పటి కార్యవర్గం ఆ జాబితాను ఒక ఆన్‌లైన్ యాప్‌లోకి ఎక్కించింది. ఆ కంపెనీ పేరు ఇక్కడ రాయడం లేదు, దయచేసి కామెంట్లలో అడగొద్దు. అప్పట్లో వాళ్ల పేజీ మీద ఉన్న మాట: ఎంతమంది సభ్యులైనా ఉచితం, ఎప్పటికీ ఉచితం. నాలుగేళ్లు బ్రహ్మాండంగా పనిచేసింది కూడా. చందా కట్టగానే రసీదు ఈమెయిల్లో వచ్చేసేది. బెంగుళూరులో ఉద్యోగాలు చేసుకుంటున్న పిల్లలు అక్కణ్ణుంచే అమ్మానాన్నల చందా కట్టేసేవారు. రిజిస్టర్లు బీరువాలో పడుకున్నాయి.

చందా ఏడాదికి ఇంటికి వంద రూపాయలే. కానీ ఆ వంద వెనక ఏముందో మీకు తెలుసు. అంత్యక్రియల నిధి. చందా బాకీ లేని ఇంట్లో ఎవరైనా పోతే, శవం ఇల్లు కదలకముందే సంఘం పదివేలు చేతిలో పెట్టాలి. ఆ సాయం మర్నాడు ఇస్తే అందులో అర్థం లేదు. కర్రలకీ, బండికీ, పురోహితుడికీ ఆ పూటే డబ్బు కావాలి. మగ్గం మీదో, ఆటో మీదో, చిన్న కొట్టు మీదో బతికే ఇళ్లు మనలో సగానికి పైనే. ఆ ఇళ్లవాళ్లు సంఘంలో ఉన్నది ఉగాది పచ్చడి కోసం మాత్రమే కాదు.

ఇక గొడవ ఎక్కడ మొదలైందంటే, గత ఏడాది చివర్లో ఆ కంపెనీ నుంచి ఇంగ్లీషులో ఒక ఉత్తరం వచ్చింది. మీకు ఇంకా మెరుగైన సేవ అందించడానికి మా పథకాలను సరళం చేస్తున్నాం అని మొదలైంది. మెరుగైన సేవ అనే మాట కనబడగానే జేబు తడుముకోవాలని మన కోశాధికారి గారు అప్పుడే అన్నారు. సరళం చేయడమంటే ఏమిటయ్యా అంటే, ఇకమీదట యాభైమంది సభ్యుల దాకానే ఉచితం. ఆ పైన తలకి నెలకి ఇంత, అదీ డాలర్లలో. మనవి నాలుగు వందల పైచిలుకు ఇళ్లు. లెక్క వేసి చూస్తే, ఒక్కో ఇంటి నుంచి మనకొచ్చే ఏడాది చందా వాళ్లకి రెండు నెలలకి కూడా సరిపోదు. డబ్బు ఉన్నా కట్టే దారి లేదు. వాళ్లకి క్రెడిట్ కార్డు కావాలి, సంఘం ఖాతాకి చెక్కుబుక్కు తప్ప ఏమీ లేదు.

సరే, మా జాబితా మాకిచ్చేయండి, మేం వెళ్లిపోతాం అనుకున్నాం. జాబితా మొత్తం దింపుకునే బొత్తాము ఒకటి ఉండేది. దాని మీద ఇప్పుడు చిన్న పసుపు తాళం బొమ్మ. డబ్బు కట్టిన వాళ్లకే అది తెరుచుకుంటుందట. మన పేర్లు, మన ఇళ్లు, మనవాళ్లు కూర్చుని రాత్రిళ్లు టైపు చేసిన వివరాలు, అన్నిటికీ కలిపి ఒక పసుపు తాళం.

ఆ వారంలోనే లాంజిపల్లిలో ఒక ఆటో డ్రైవరు పోయాడు. నలభై దాటి ఒకటో రెండో ఏళ్లు. భార్య, ఇద్దరు పిల్లలు. రాత్రి పదకొండు దాటాక ఫోనొచ్చింది. నిధి నుంచి తీయాలంటే చందా కట్టినట్టు జాబితాలో చూసుకోవాలి, అది మన నియమావళిలో ఉన్న మాట. యాప్ తెరిస్తే మొదటి యాభై పేర్లు కనబడ్డాయి, అక్షరక్రమంలో. ఆ అబ్బాయి పేరు సకారంతో మొదలవుతుంది. అతని దాకా రావాలంటే డబ్బు కట్టాలి. ఆ రాత్రి ఐదుగురం తలా రెండు వేలు వేసుకుని, తెల్లవారకముందే ఆ ఇంటికి ఇచ్చి వచ్చాం. తర్వాత నిధి నుంచి ఆ డబ్బు సర్దుకుందామంటే ఆడిటరు గారు, ఆయన తప్పు కాదు, అర్హత చూపించే కాగితం ఏదీ అని అడిగారు. అది చూపించడానికే ఇంత కథ నడిచింది.

ఇందులో ఒక చిత్రం కూడా ఉంది. ఆ యాప్‌లో భాషల వరసలో తెలుగు ఉంది. మన పెద్దవాళ్లలో ఇంగ్లీషు చదవలేనివాళ్లు ఉన్నారని తెలుగే పెట్టుకున్నాం. సభ్యత్వం గడువు దాటిన వాళ్లని చూపించే చోట ఇంగ్లీషులో ఉన్న మాటని ఏ యంత్రమో తెలుగు చేసింది: "కాలం చెల్లిన సభ్యులు". కొత్త పథకం రాగానే, యాభై దాటిన ప్రతి పేరూ ఆ శీర్షిక కిందికి పోయింది. దాదాపు మూడు వందల యాభై ఇళ్లు. బిజీపూర్‌లో ఒక పెద్దావిడ మనవడి ఫోనులో తన పేరు అక్కడ చూసి, మర్నాడు పొద్దున్నే సంఘం ఆఫీసుకి వచ్చేసింది. "ఏటి బాబూ, నానింకా బతికే ఉన్నాను కదా, అప్పుడే రాసేసినారేటి?" అని అడిగింది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పైగా ఆవిడ చందా ఒక్క ఏడాది కూడా తప్పలేదు. తెలుగులో మనిషికి కాలం చెల్లిందంటే ఏమిటో మనకు చెప్పక్కర్లేదు. అంత్యక్రియల నిధి నడిపే సంఘం జాబితాలో ఆ మాట పడటం చూస్తే, ఎవరో కావాలని వెక్కిరించినట్టే ఉంది.

ఇంక కస్టమర్ కేర్ సంగతి.

మొదట చాట్ కిటికీ. ఒక అమ్మాయి పేరు, నవ్వుతున్న బొమ్మ, నేను మీకు ఎలా సహాయపడగలను అని పలకరింపు. అది మనిషి కాదని మూడో జవాబుకి తెలిసింది, ఏమడిగినా అదే పేజీ లింకు ఇస్తోంది. ఆ తర్వాత ఈమెయిలు. వెంటనే ఒక టికెట్ నంబరు వచ్చింది. బరంపురం స్టేషన్లో వెయిటింగ్ లిస్టు టికెట్ కొన్నవాడికి కూడా అంత ఆనందం ఉండదు. నాలుగు రోజులకి జవాబు: ఉచిత ఖాతాదారులకి ఈమెయిలు ద్వారా సహాయం లేదు, తోటి వాడకందారుల్ని అడగండి. దాని కింద, మీ సమస్య పరిష్కారమైనందున ఈ టికెట్ మూసివేస్తున్నాం, మా సేవకి ఎన్ని నక్షత్రాలు ఇస్తారు అని ఒక వరస. మళ్లీ రాశాం, కొత్త టికెట్. మొత్తం ఆరు టికెట్లు. తెలుగు అనువాదం తప్పని రాసిన దానికి మాత్రం మనిషి రాసినట్టున్న జవాబు వచ్చింది. అనువాదాలు స్వచ్ఛంద కార్యకర్తలు చేస్తారు కనుక మీరే సరిచేసి పంపండి, ధన్యవాదాలు అన్నారు. డబ్బు అడిగేటప్పుడు అది కంపెనీ, పని చేయాల్సి వచ్చేటప్పుడు అది సేవాసమితి.

వాళ్లకి సంస్థల రాయితీ ఉందని ఎవరో చెప్పారు. ఆ ఫారంలో మీరెవరు అన్నదానికి మూడు గడులు: వ్యక్తి, వ్యాపారం, విద్యాసంస్థ. మనం ఈ మూడూ కాదు. 1860 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదైన సంఘం మనది. బ్రిటిషు వాడు మనలాంటి వాళ్ల కోసం ఆ కాలంలోనే ఒక గడి గీసిపెట్టాడు, వీళ్లకి ఇప్పటికీ తట్టలేదు. వాళ్ల లైసెన్సు ప్రకారం ఉచిత వాడకం "వ్యక్తిగత, వాణిజ్యేతర అవసరాలకు మాత్రమే". మనం లాభం తీసుకోం కనుక వాణిజ్యం కాదు. నాలుగు వందల ఇళ్ల వాళ్లం కనుక వ్యక్తిగతమూ కాదు. మరి మనం ఏమిటి? ఇది అడిగిన టికెట్ కూడా మూసేశారు.

ఈ మధ్యలో జరిగిన ఒక సంగతి అందరూ గుర్తు పెట్టుకోవాలి. మన కమిటీ పెద్ద ఒకాయన, విసుగెత్తి, గూగుల్లో ఆ కంపెనీ పేరు కొట్టి కస్టమర్ కేర్ నంబరు పట్టారు. మొదటి రింగుకే ఎత్తారు. అదే అనుమానించాల్సిన విషయం. చక్కటి హిందీ, ఎంతో మర్యాద. మీ ఖాతా తెరుస్తాం, ముందు ఒక యాప్ దింపుకోండి, తర్వాత పది రూపాయలు మాత్రం పంపండి అన్నాడు. ఆ యాప్ మన ఫోను తెరని అవతలివాడికి చూపించే యాప్. కోడలు పక్కనుండి ఫోను లాక్కుని కట్ చేసింది కనుక సరిపోయింది. అసలు ఆ కంపెనీకి ఫోను నంబరే లేదు. ఎవరికైనా ఇలా డబ్బు పోతే వెంటనే 1930కి ఫోను చేయండి, ఎంత తొందరగా చేస్తే డబ్బు ఆపే వీలు అంత ఎక్కువ. నిజమైన కస్టమర్ కేర్ ఫోను ఎత్తకపోవడం వల్లే దొంగ కస్టమర్ కేర్ బతుకుతోంది. ఈ ముక్క ఆ కంపెనీలకి ఎవరు చెబుతారో.

వినియోగదారుల ఫోరంలో కేసు వేద్దామని కొందరు గట్టిగా అన్నారు. మన సభ్యుల్లోనే ఉన్న వకీలు గారిని అడిగాం. ఆయన చట్టం తీసి చూపించారు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం "సేవ" అనే మాటకి ఇచ్చిన నిర్వచనంలోనే ఉచితంగా చేసే సేవని మినహాయించింది. డబ్బు ఇచ్చి కొన్న వస్తువుకి, సేవకి అయితే 1915 నంబరుకి ఫోను చేసి ఫిర్యాదు చెప్పుకోవచ్చు. ఉచితంగా వాడుకున్నవాడు ఆ చట్టం లెక్కలో వినియోగదారుడే కాడు. కంపెనీ మన గురించి ఏమనుకుంటోందో చట్టమూ అదే అంటోందన్నమాట. ఇది విన్నాక మాకు కోపం తగ్గి, కొంచెం బుద్ధి పనిచేయడం మొదలైంది.

ఇంకో సలహా కూడా వచ్చింది, అది కూడా రాయాలి. గేటు బజారు వైపు కంప్యూటర్ కొట్టు కుర్రాడు ఒకడు, "ఎందుకండీ ఈ బాధ, మంచి సాఫ్ట్‌వేరు క్రాక్ చేసింది నా దగ్గరుంది, వేసేస్తాను, మూడొందలివ్వండి" అన్నాడు. వద్దన్నాం. మన కాపీరైటు చట్టం 1957 నాటిది, అందులో 63బి అనే సెక్షను ఉంది. దొంగ కాపీ అని తెలిసి కంప్యూటర్లో ప్రోగ్రాం వాడితే ఏడు రోజుల నుంచి మూడేళ్ల దాకా జైలు, యాభై వేల నుంచి రెండు లక్షల దాకా జరిమానా. లాభం కోసం, వ్యాపారం కోసం కాకపోతే కోర్టు జైలు లేకుండా యాభై వేల లోపు జరిమానాతో సరిపెట్టవచ్చని అందులోనే ఉంది. మన నిధిలో ఐదు చావుల డబ్బు అది. పైగా క్రాక్ చేసినవాడు ఇంకేం దూర్చాడో ఎవరికి తెలుసు?

ఇక అసలు విషయం. ఇంత చిక్కూ ఇంగ్లీషులోని ఒక్క మాట వల్ల. వాళ్లకి ఫ్రీ అంటే డబ్బు లేకపోవడమూ అదే, కట్టు లేకపోవడమూ అదే. 1983లో అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ అనే ప్రోగ్రామరు గ్నూ అనే పని తలపెట్టినట్టు ప్రకటించాడు, 1985లో ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ పెట్టాడు. ఆయన చెప్పిన ఫ్రీ రెండో రకం. ప్రోగ్రాంని ఏ పనికైనా నడుపుకోవచ్చు, లోపల ఎలా ఉందో చూసి మార్చుకోవచ్చు, ఇంకొకరికి కాపీ ఇవ్వచ్చు, మార్చినదాన్ని కూడా పంచవచ్చు. ఈ నాలుగూ ఉంటేనే అది ఫ్రీ. ధర సంగతి వేరే. దానిని డబ్బుకి అమ్మినా తప్పు లేదంటాడు ఆయన. ఇది వివరించలేక ఇంగ్లీషు వాళ్లు నలభై ఏళ్లుగా తంటాలు పడుతున్నారు.

మనకి ఆ బాధే లేదు. ఒకటి ఉచితం, రెండోది స్వేచ్ఛ. గుళ్లో పెట్టే పులిహోర ఉచితం. దొన్నె పట్టుకుని తినొచ్చు, అంతే, రేపు పెట్టకపోతే అడగడానికి లేదు. ఆ పులిహోర ఎలా కలపాలో రాసి చేతికిచ్చి, నీ ఇంట్లో కలుపుకో, పులుపు తగ్గించుకో, పక్కింటికి కూడా పెట్టు అంటే అది స్వేచ్ఛ. హైదరాబాదులో ఈ ఉద్యమం నడిపే వాళ్లు తమ సంస్థకి పెట్టుకున్న పేరే స్వేచ్ఛ. మనం పోగొట్టుకున్నది ఎప్పుడూ ఉచితాన్నే. స్వేచ్ఛ మనకి ఆ యాప్‌లో మొదటి రోజు నుంచీ లేదు.

అలాగని స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు వాళ్లు దేవుళ్లని మేం అనం. లైసెన్సుల పేర్లు చూస్తే కళ్లు తిరుగుతాయి. జీపీఎల్, ఎల్‌జీపీఎల్, ఎంపీఎల్, ఎంఐటీ, బీఎస్‌డీ, అపాచీ. ఒక్కోదానికి రెండో వెర్షను, మూడో వెర్షను. మన కార్యదర్శి గారు వారం రోజులు ఇవి చదివి, మనం ఏది ఒప్పుకోవాలి, ఏది ఒప్పుకోకూడదు అని నోట్సు రాసుకున్నారు. చివరికి తేలింది ఏమిటంటే, మనలాంటి వాళ్లకి ఆ చదువంతా అక్కర్లేదు. జీపీఎల్ మూడో వెర్షనులో ఆ మాట సూటిగా రాసుంది: ప్రోగ్రాం తెచ్చుకోవడానికి, నడుపుకోవడానికి ఈ లైసెన్సు ఒప్పుకోవాల్సిన పనే లేదు. దాన్ని మార్చినప్పుడో, ఇతరులకి పంచినప్పుడో మాత్రమే షరతులు వస్తాయి. సంఘం ఆఫీసులో కూర్చుని చందాల లెక్క రాసుకునే వాడికి ఏ షరతూ లేదు. వ్యక్తివా, వ్యాపారమా, విద్యాసంస్థవా అని అడిగేవాడు లేడు. ఇంత తేలిక ముక్కని మొదటి పేజీలో నాలుగు లైన్లలో రాయకుండా లాయర్ల భాషలో పేజీలకి పేజీలు ఎందుకు పరిచారో వాళ్లకే తెలియాలి.

సహాయం సంగతి కూడా అంతే. ఆ లైసెన్సుల్లో పెద్దక్షరాలతో ఉంటుంది: ఉన్నది ఉన్నట్టుగా ఇస్తున్నాం, ఏ హామీ లేదు. మన కోశాధికారి గారు ఒక వాడకందారుల గుంపులో ఏదో అడిగితే, వెర్షను ఎంత, లాగ్ ఫైలు పెట్టండి అని ఒకరు, ముందు మాన్యువల్ చదవండి అని ఇంకొకరు. "లాగ్ అంటే ఏటి బాబూ?" అని ఆయన తెలుగులోనే రాశారు. ఎవరూ పలకలేదు. తెలివైనవాళ్లే గానీ, అరవై ఎనిమిదేళ్ల మనిషితో మాట్లాడటం వాళ్లకి రాదు. కానీ ఒక తేడా చెప్పుకోవాలి. ఫోను ఎత్తం అని వీళ్లు తలుపు దగ్గరే చెప్పేస్తారు. నవ్వే అమ్మాయి బొమ్మ పెట్టి, టికెట్ నంబరిచ్చి, నక్షత్రాలు అడగరు.

ఇదే తికమక మన ఉగాది సంచిక దగ్గర కూడా వచ్చింది. బరంపురంలో తెలుగు కూర్చే ప్రెస్సులు తగ్గిపోయాయని తెలిసిందే. పాత సంచికల ఫైళ్లు పాత రకం ఫాంట్లలో ఉన్నాయి. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో తెరిస్తే తెలుగు ఉండదు, ఇంగ్లీషు గుర్తుల చెత్త ఉంటుంది. 1991లో యూనికోడ్ మొదటి వెర్షనులోనే తెలుగుకి స్థానం ఉన్నా, డీటీపీ వాళ్లు ఎన్నో ఏళ్లు ఆ పాత పద్ధతి వదల్లేదు. ఈసారి యూనికోడ్లోనే చేద్దామని సంపాదకుడు గారు నెట్లో ఒక అందమైన తెలుగు ఫాంటు దింపారు. ఫ్రీ అని ఉంది. దాంతో పాటు వచ్చిన చిన్న ఫైలు తెరిచి చూస్తే, సొంత వాడకానికే, అచ్చు వేస్తే డబ్బు కట్టాలి అని ఉంది. మన సంచికలో ప్రకటనలు వేస్తాం, అంటే డబ్బు తీసుకుంటాం. మళ్లీ అదే ప్రశ్న, మనం ఎవరం?

దీనికి మాత్రం జవాబు చక్కగా దొరికింది. ఓపెన్ ఫాంట్ లైసెన్స్ అని ఒకటుంది. ఆ లైసెన్సుతో వచ్చిన ఫాంటుని ఇంట్లో వాడినా, అచ్చు వేసినా, ప్రకటనలకి వాడినా ఎవరూ అడగరు. ఫాంటుని ఒక్కదాన్నే సరుకుగా అమ్మకూడదు, మార్చి పంచితే అదే లైసెన్సుతో పంచాలి, అంతే. సిలికానాంధ్ర వాళ్లు ఈ లైసెన్సు కింద విడుదల చేసిన తెలుగు ఫాంట్లు ఉన్నాయి. వాటి పేర్లు చూడండి: పెద్దన, తిమ్మన, ధూర్జటి, సూరన్న, రామభద్ర, తెనాలి రామకృష్ణ. రాయలవారి సభంతా కంప్యూటర్లో కొలువు తీరినట్టుంటుంది. వాటిలో గిడుగు అని కూడా ఒకటుంది. పర్లాకిమిడిలో పిల్లలకి పాఠం చెప్పి, సవర భాషకి అంత సేవ చేసి, 1936లో ఆ ఊరు ఒడిశాలో కలిసినప్పుడు రాజమండ్రి వెళ్లిపోయిన మన గిడుగు రామమూర్తి గారి పేరు. ఆ గీత పడ్డప్పుడు వెళ్లిపోని వాళ్ల పిల్లలం మనం. అందుకని సంచిక శీర్షికలన్నీ గిడుగు ఫాంటులోనే పెట్టాలని కార్యవర్గం ఏకగ్రీవంగా తీర్మానించింది. ఇంతవరకు ఏకగ్రీవంగా తీర్మానించినది బహుశా ఇదొక్కటే.

జాబితా ఎలా వెనక్కి తెచ్చామో చెప్పి ముగిస్తాం. ఇంజినీరింగు చదువుతున్న మన సభ్యుల పిల్లలు ఇద్దరు ఒక దారి కనిపెట్టారు. ఆ యాప్ తాళం వేసింది జాబితాకి. కానీ చందా కట్టిన ప్రతిసారీ అది పంపిన రసీదుల నకళ్లు సంఘం ఈమెయిల్లో ఉన్నాయి, నాలుగేళ్లవి. వాటిమీద దానికి అధికారం లేదు. పిల్లలు ఆ రసీదులన్నీ దింపి, పేరు, తేదీ, మొత్తం విడదీసి ఒక పట్టికగా చేశారు. 2019కి ముందువి ఎర్ర అట్ట రిజిస్టర్ల నుంచి చూసి ఎక్కిస్తున్నారు. పట్టిక లిబ్రే ఆఫీసులో ఉంది. అది 2010లో ఓపెన్ ఆఫీసు నుంచి విడివడి వచ్చిన స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు, తెలుగు మెనూలతో కూడా నడుస్తుంది. లిబ్రే అన్నా స్వేచ్ఛ అనే అర్థం. ఈ పట్టికని ఏ కంపెనీ మూతపడినా ఇంకో ప్రోగ్రాంలో తెరుచుకోవచ్చు. యాప్‌లో ఉన్నట్టు ఫోనుకి రసీదు దానంతట అది రాదు, అది నిజమే. కోశాధికారి గారు చేత్తో రాసి ఫోటో తీసి పంపుతారు. ఆ లాంజిపల్లి అబ్బాయి రసీదు దొరికింది. చందా మూడో నెలలోనే కట్టేసి ఉన్నాడు. ఆడిటరు గారు ఆ పద్దు ఒప్పుకున్నారు.

ఇకమీదట ఏ సాఫ్ట్‌వేరు తీసుకున్నా ధర ఎంత అని తర్వాత అడుగుతాం. మా జాబితా మేం అడిగినప్పుడు మొత్తంగా, ఇంకోచోట తెరుచుకునే రూపంలో బయటికి వస్తుందా అన్నది ముందు అడుగుతాం. వస్తుందంటే డబ్బు ఇచ్చి కొనడానికైనా కార్యవర్గానికి అభ్యంతరం లేదు. నెలకోసారి జాబితా అచ్చు తీసి బీరువాలో పెట్టాలని కూడా తీర్మానం రాసుకున్నాం. చిరునామాలు, ఫోను నంబర్లు ఉన్న ఆ పట్టికని ఎవరూ వాట్సాప్‌లో పంచకూడదు. ఈ విషయంలో మాత్రం స్వేచ్ఛ లేదు.

నగదుగా చందా కట్టిన ఇళ్లలో ఈమెయిలు ఇవ్వని వాళ్లవి ఇంకా అరవై దాకా పట్టికలోకి రాలేదు. ఎక్కువ భాగం బిజీపూర్, పెద్దబజారు, గోసానినువాగాం వైపువి. వచ్చే ఆదివారం పొద్దున్న తొమ్మిది నుంచి ఇంటింటికీ వస్తున్నాం, ముందు బిజీపూర్. పాత రసీదులుంటే తీసి పెట్టండి. తడిసినవైనా, సగం చిరిగినవైనా పరవాలేదు, నంబరు కనబడితే చాలు.